ముందు ఎవరికి? అడిగింది ఎవర్ని? - సైన్సు నీతిపై ఒక దళిత క్రైస్తవుని ఆలోచనలు

క్రైస్తవులు సైన్సు గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆ మాట సాధారణంగా రెండు మూడు చోట్లకే పోతుంది. ఆదికాండం నిజమా, డార్విన్ నిజమా? గర్భస్రావం పాపమా కాదా? క్లోనింగు చేస్తే మనిషి దేవుడి పనిలో చెయ్యి పెట్టినట్టేనా? ఈమధ్య వీటికి కృత్రిమ మేధ తోడయింది. సెమినరీల్లో, పట్టణాల్లోని పెద్ద చర్చిల్లో వీటి మీద ప్రసంగాలు జరుగుతుంటాయి. ఇవి పనికిరాని ప్రశ్నలని నేననను. కానీ మా వాడ ప్రార్థన మందిరంలో చాప మీద కూర్చునేవాళ్ళ ప్రశ్నలు ఇవి కావు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక ఆసుపత్రిలో మా అమ్మకు గర్భసంచి ఆపరేషను చేశారు. ముందురోజు రాత్రి నర్సు ఒక కాగితం తెచ్చి వేలిముద్ర వెయ్యమంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. "ఏం రాసుంది నాయనా?" అని అమ్మ అడిగింది. నాకు సగమే అర్థమయింది. నర్సునడిగితే "చదువుకున్నోడివేగా, నువ్వే చదివి చెప్పు" అంది. అమ్మ నా మొహం చూసి, ఇంక అడక్కుండా వేలు సిరాలో ముంచింది. ఆ ఆపరేషను అవసరమో కాదో ఈ రోజుకీ మాకు తెలియదు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. పరిశోధనా పద్ధతుల పాఠంలో 'సమాచారపూర్వక సమ్మతి' అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సిరా అంటిన వేలే.

ఆధునిక సైన్సుతో దళితుల సంబంధంలో ఒక తిరకాసు ఉంది. కష్టం తీర్చే యంత్రం మన దాకా అందరికంటే చివర వస్తుంది. ఇంకా పరిశీలనలో ఉన్న పని మాత్రం మన దాకా అందరికంటే ముందు వస్తుంది. ఈ రెండూ వేరు వేరు సమస్యలని మనం అనుకుంటాం. ఒకటి పారిశుధ్య కార్మికుల సమస్య, రెండోది వైద్య నీతి సమస్య అని పరిశోధకులు కూడా వేరు వేరు అరల్లో పెడతారు. రెండింటికీ మూలం ఒకటేనని ఈ వ్యాసంలో నా వాదన. సమాజం కొందరి ఒంటికి తక్కువ వెల కట్టింది. వెల తక్కువ గనుక ఆ ఒంటికి బదులు యంత్రం కొనాలని ఎవరికీ తోచదు. వెల తక్కువ గనుకనే ఆ ఒంటి మీద పని మొదలుపెట్టే ముందు అడగాలని కూడా ఎవరికీ తోచదు.

కాలువ గట్టు మీద పెరిగిన సంఘం

ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో క్రైస్తవం వ్యాపించిన కథ ఒక ఇంజనీరింగు పనితో ముడిపడి ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, అంతకు ముందు తన దేశంలో భూములు కొలిచే సర్వేయరు. 1876-78 కరువు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ బోధకులు అంతకు ముందు నుంచే ఊరూరా తిరుగుతున్నారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "మనోళ్ళు మట్టి మోసిన చేతుల్తోనే బైబులు పట్టుకున్నారయ్యా" అని మా నాయనమ్మ చెబుతుండేది. ఆమెకు ఆ సంగతి పుస్తకాల నుంచి రాలేదు.

అదే కరువులో ఇంకో పని కూడా జరిగింది. కరువు ఖర్చు తగ్గించటానికి వైస్రాయి లిట్టన్ 1877లో సర్ రిచర్డ్ టెంపుల్‌ని దక్షిణాదికి పంపాడు. సహాయ పనుల్లో బరువు మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్ది కాణీలు చాలునని టెంపుల్ లెక్క కట్టాడు. మద్రాసు రాష్ట్ర పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని ఎదిరించాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండి కంటే కూడా ఇది తక్కువనీ, ఇది మెల్లగా చంపటమేననీ లెక్కలతో చూపించాడు. చివరికి ఆ ఏడే మద్రాసులో ఆ కూలిని పెంచక తప్పలేదు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. కరువులో కూడు పెట్టిన కాలువా ఇంజనీరింగే. ఎంత తక్కువ తిండితో కూలీని నిలబెట్టవచ్చో చూసిన లెక్కా శాస్త్రం పేరుతోనే వచ్చింది. దాన్ని తప్పని చూపించిన డాక్టరు కూడా శాస్త్రంతోనే మాట్లాడాడు. కాబట్టి సైన్సు మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. టెంపుల్ తన లెక్కను ఎవరి కడుపు మీద పరీక్షించాడు, వాళ్ళను అడిగాడా అన్నది అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది.

యంత్రం మనకు శత్రువా?

పాశ్చాత్య క్రైస్తవ ఆలోచనలో సాంకేతికత మీద పెద్ద చర్చే ఉంది. ఫ్రెంచి ప్రొటెస్టెంటు ఆలోచనాపరుడు జాక్ ఎల్యూల్ 1954లో రాసిన పుస్తకంలో, సాంకేతిక పద్ధతి తనకు తానే నడిచే శక్తిగా మారిందనీ, మనిషి దానికి లోబడిపోయాడనీ వాదించాడు. 1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో, ప్రకృతిని ఏలమని చెప్పే క్రైస్తవమే పర్యావరణ సంక్షోభానికి మూలమని రాశాడు. 1979లో ప్రపంచ చర్చిల మండలి అమెరికాలోని ఎం.ఐ.టి.లో విశ్వాసం, సైన్సు, భవిష్యత్తు అనే అంశం మీద పెద్ద సమావేశం జరిపింది. న్యాయం, అందరి భాగస్వామ్యం, నిలకడ ఉన్న సమాజం గురించి అక్కడ మాట్లాడారు. ఇవి గౌరవించవలసిన ఆలోచనలే. కానీ ఎల్యూల్ చెప్పిన మనిషి యంత్రానికి బానిస అయినవాడు. మా తాతలు యంత్రం లేకనే బానిసలయ్యారు. ఈ తేడా చిన్నది కాదు.

మన దేశంలో యంత్రాన్ని నీతి పేరుతో తప్పుపట్టిన పెద్ద గొంతు గాంధీది. 1909 నాటి 'హింద్ స్వరాజ్'లో ఆయన యంత్ర నాగరికతనే తిరస్కరించాడు. దానికి డా. అంబేద్కర్ 1945లో, కాంగ్రెసూ గాంధీ అస్పృశ్యులకు ఏం చేశారో విచారించిన తన గ్రంథంలో, గాంధీవాదం మీద రాసిన అధ్యాయంలో సమాధానం చెప్పాడు. పశువులా రోజంతా చాకిరీ చేసే మనిషికి తీరిక ఉండదు, తీరిక లేనిదే ఆలోచన, సంస్కృతి ఉండవు, ఆ తీరికను ఇచ్చేది యంత్రమే అని ఆయన వాదన. యంత్రం వల్ల కొందరే బాగుపడితే తప్పు యంత్రానిది కాదు, సమాజాన్ని అట్లా కట్టినవాళ్ళది. అప్పుడు మార్చవలసింది సమాజాన్ని.

బైబులు కూడా పనితనాన్ని నీచంగా చూడదు. నిర్గమకాండంలో బెసలేలు అనే పనివాడికి బంగారం, కొయ్య, రాయి చెక్కే నేర్పు దేవుని ఆత్మ వల్లే వచ్చిందని ఉంది. యేసు వడ్లవాడి ఇంట పెరిగాడు. పౌలు డేరాలు కుట్టి బతికాడు. పేతురు యొప్పేలో బస చేసింది చర్మకారుడైన సీమోను ఇంట్లో. మాదిగ క్రైస్తవుడికి ఈ చివరి సంగతి ఎంత దగ్గరగా తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. సున్నపు నీళ్ళల్లో తోలు నానబెట్టి వెంట్రుకలు ఊడదీసి, తంగేడు చెక్క రసంలో ఊరబెట్టి, కుళ్ళకుండా ఏళ్ళ తరబడి నిలిచే తోలుగా మార్చటం రసాయన శాస్త్రం కాక మరేమిటి? చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తును పట్టుకుని కుళ్ళిపోకుండా కాపాడుతుందని పుస్తకాలు చెబుతున్నాయి. మావాళ్ళకు ఆ పేరు తెలియదు, పని తెలుసు. పేరు పెట్టినవాడు శాస్త్రవేత్త అయ్యాడు, పని చేసినవాడు అంటరానివాడయ్యాడు.

కాబట్టి మనకు సైన్సు మీద పగ అక్కర్లేదు, దానికి మొక్కనూ అక్కర్లేదు. మన రెండు ప్రశ్నలు దాని ముందు పెడితే చాలు. మొదటిది: కష్టం ముందు ఎవరికి తీరింది?

చివర వచ్చే యంత్రం

కోలారు బంగారు గనులు చూద్దాం. కర్ణాటకలో ఉన్నా, చిత్తూరు వైపు నుంచి, తమిళ జిల్లాల నుంచి వలసపోయిన దళితుల కష్టంతో నడిచిన గనులవి. కావేరి మీద శివసముద్రం దగ్గర పుట్టించిన కరెంటు 1902లోనే ఆ గనులకు చేరింది. దేశంలో చాలా పట్టణాలు అప్పటికి కిరోసిన్ దీపాలతోనే ఉన్నాయి. తర్వాత్తర్వాత ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైగా లోతుకు పోయింది. అంత లోతులో మనిషి బతకాలంటే పైనుంచి గాలి పంపాలి, నీళ్ళు తోడిపోయాలి, మనుషుల్ని దింపి ఎక్కించాలి. వీటన్నిటికీ యంత్రాలు వచ్చాయి.

అదే గనుల కాలనీలో, నేల మీద, కార్మికులు వాడే మరుగుదొడ్లు నీళ్ళు లేని పొడి దొడ్లు. మలాన్ని చేత్తో ఎత్తి బకెట్లలో మోసింది దళితులే. బెజవాడ విల్సన్ 1966లో అక్కడే, తెలుగు దళిత కుటుంబంలో పుట్టాడు. ఆయన కుటుంబం చేసింది ఈ పనే. ఆయన అక్కడ మొదలుపెట్టిన పోరాటమే తర్వాత సఫాయి కర్మచారీ ఆందోళన్ అయింది. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. గని 2001లో మూతపడింది.

ఆలోచించండి. మూడు కిలోమీటర్ల కిందికి గాలి పంపగలిగిన ఇంజనీర్లకు నేల మీద దొడ్డికి నీళ్ళ గొట్టం వెయ్యటం రాక కాదు. కింద బంగారం ఉంది. పైన ఉన్నది మలం, దాన్ని ఎత్తటానికి మనుషులున్నారు. యంత్రం రాకపోవటానికి కారణం సాంకేతికం కాదు, కులం.

మ్యాన్‌హోలు కథా ఇంతే. కుళ్ళిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది గాలి కంటే బరువు, అందుకని కిందనే పేరుకుంటుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టే శక్తినే పోగొట్టుకుంటుంది. లోపలికి దిగినవాడు వాసన పోయింది, పర్వాలేదనుకుంటాడు. అప్పటికి ఆ గాలి ప్రాణం తీసే స్థాయికి చేరి ఉండొచ్చు. ఒకడు పడిపోతే కాపాడటానికి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు దిగుతారు. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు చనిపోయారన్న వార్తలు అందుకే వస్తుంటాయి. ఇది అంతుపట్టని రోగం కాదు, రసాయన పాఠంలో ఉన్నదే. ఒత్తిడితో నీళ్ళు కొట్టి పూడిక తీసే జెట్టింగ్ యంత్రాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. హైదరాబాదులో ఇరుకు సందుల్లోకి పోగల చిన్న జెట్టింగ్ యంత్రాలు దిగింది 2017లో. 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోలు శుభ్రం చేసే బాండికూట్ అనే రోబో వచ్చింది, చేసింది కేరళ యువ ఇంజనీర్లు.

చట్టాలు 1993లో ఒకటి, 2013లో ఒకటి వచ్చాయి. 1993 తర్వాత మురుగు గుంటల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. చావుకు వెల పెరిగింది. మంచిదే. కానీ బతికున్న మనిషిని రోజు కూలికి గుంటలో దించటం యంత్రం అద్దె కంటే చవగ్గా ఉన్నంత కాలం, యంత్రం ఆఫీసు ఆవరణలోనే నిలబడి ఉంటుంది.

విశ్రాంతి దినపు ఆజ్ఞను నేనిక్కడ గుర్తుచేసుకుంటాను. ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలకు ఇచ్చిన ఆజ్ఞ అది. దాసుడూ, దాసీ, ఎద్దూ, గాడిదా కూడా ఆ రోజు పని మానాలని అందులో ఉంది. విశ్రాంతి ఇంటి యజమానితో ఆగిపోకూడదు, ఇంట్లో అందరికంటే కిందివాడి దాకా పోవాలి. సాంకేతికతకు క్రైస్తవ కొలత ఏమిటని నన్నడిగితే ఇదే చెబుతాను. చర్చి మరుగుదొడ్డి తొట్టి నిండినప్పుడు ఎవర్ని పిలుస్తున్నామో కూడా ఈ కొలతతోనే చూసుకోవాలి.

ముందు వచ్చిన సూది

రెండో ప్రశ్న: పని మొదలుపెట్టే ముందు ఎవర్ని అడిగారు? దీనికి ఖమ్మం జిల్లా కథ ఉంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ప్రధాన కారణం హెచ్.పి.వి. అనే వైరస్. అందులో 16, 18 నంబర్ల రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణం. వాటి నుంచి కాపాడే టీకాలకు 2008లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేసే ప్రాజెక్టు మొదలయింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు ఎంచుకున్నారు. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ మొదలయింది. నడిపింది పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వాలు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఖమ్మంలో వేసింది మెర్క్ కంపెనీ గార్డసిల్. రెండు చోట్లా కలిపి సుమారు 24 వేల మంది పిల్లలు. ఖమ్మంలో చాలామంది హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునే గిరిజన, దళిత పిల్లలు.

కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు, మహిళా ఆరోగ్య సంఘాల అభ్యంతరాలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. బిడ్డను కన్న తల్లి ఎక్కడో గూడెంలో ఉంది. ఆమె తరఫున సంతకం పెట్టింది ప్రభుత్వం నుంచి జీతం తీసుకునే వార్డెను. ప్రాజెక్టు నడిపింది కూడా ఆ ప్రభుత్వమే. అంటే అడిగినవాడూ జవాబు చెప్పినవాడూ ఒకడే.

ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా మాట్లాడాలి. టీకా వల్ల పిల్లలు చనిపోయారని నేను చెప్పటం లేదు. మొత్తం ఏడు మరణాలు, మన రాష్ట్రంలో ఐదు. వాటికి టీకాతో సంబంధం లేదనే విచారణల్లో తేలింది. పాముకాటు, నీళ్ళలో మునగటం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు చెప్పారు. టీకా కూడా మంచిదే. అందులో బతికున్న వైరస్ లేదు, వైరస్ పైపొరను పోలిన మాంసకృత్తు మాత్రమే ఉంటుంది. పన్నెండు పదమూడేళ్ళప్పుడు దాన్ని వేసుకున్న స్కాట్లాండ్ ఆడపిల్లల్లో ఈ క్యాన్సరు ఒక్కరికీ కనబడలేదని అక్కడి ఆరోగ్య శాఖ 2024లో ప్రకటించింది. మన దేశంలో ఈ రోగంతో చనిపోయేది ఎక్కువగా పేద ఆడవాళ్ళే. పరీక్ష చేయించుకునే వీలు లేనివాళ్ళు, రక్తస్రావం ముదిరాక గాని ఆసుపత్రి మొహం చూడనివాళ్ళు. కాబట్టి టీకా వద్దని మన ఆడపిల్లలకు చెప్పేవాడు వాళ్ళకు మేలు చేసేవాడు కాదు.

అయితే తప్పెక్కడుంది? ఒకటి, ఇది ప్రయోగమా, ప్రదర్శన కార్యక్రమమా అన్న మాట దగ్గరే తకరారు వచ్చింది. నడిపినవాళ్ళు ప్రయోగం కాదన్నారు. స్థాయీ సంఘం ఇది క్లినికల్ ప్రయోగమేనని చెప్పింది. ప్రయోగమంటే బీమా ఉండాలి, ఏదైనా జరిగితే వెంటనే నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. పేరు మారిస్తే బాధ్యత తగ్గుతుంది. రెండు, మంచి వస్తువునే ఇస్తున్నాం గదా, ఇంక అడిగేదేముంది అన్న ధోరణి. పట్నంలో డబ్బున్న తల్లి ఇదే టీకా వేయించాలంటే డాక్టరు కూర్చోబెట్టి వివరంగా చెబుతాడు. ఆమె ఇంటికి పోయి ఆలోచించుకుని వస్తుంది. గూడెంలో తల్లికి ఆ గడువు లేదు. మూడు, దీని నష్టం మళ్ళీ మనమీదే పడింది. అడగకుండా వేసిన సూది అనుమానాన్ని పుట్టించింది. ఆ అనుమానం ఏళ్ళ తరబడి ఈ టీకా పేరెత్తితే చాలు, భయపడేటట్టు చేసింది. అడిగి ఉంటే కాపాడగలిగిన ఆడపిల్లలు ఎందరో మనకు లెక్క లేదు.

హెన్రియెటా లాక్స్

ఈ టీకా వెనక ఇంకో ఆడమనిషి ఉంది. అమెరికాలో వర్జీనియా పొగాకు చేలల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ హెన్రియెటా లాక్స్. 1951లో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఇదే క్యాన్సరుకు చికిత్స చేస్తూ, ఆమెను అడక్కుండా గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. ఆ కణాలు గాజుపాత్రలో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. మనిషి కణాలు అట్లా పెరగటం అదే మొదలు. 31 ఏళ్ళకే, ఆ ఏడే ఆమె చనిపోయింది. 'హీలా' అనే పేరుతో ఆ కణాలు ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పోయాయి. పోలియో టీకా పరిశోధనకు పనికొచ్చాయి. 1980లలో జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం హెచ్.పి.వి. 18 రకాన్ని కనుక్కుని, ఆ వైరసే హీలా కణాల్లోనూ ఉందని చూపించింది. ఈ క్యాన్సరుకు కారణం ఆ వైరసేనని చెప్పినందుకు ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. హెన్రియెటా కుటుంబానికి ఒక కంపెనీతో రాజీ కుదిరింది 2023లో, ఆమె పోయిన 72 ఏళ్ళకు.

పొగాకు చేలో పనిచేసిన నల్ల తల్లి ఒంటి నుంచి అడక్కుండా తీసుకున్న కణాలు, ఆ కణాల్లో కనబడిన వైరస్, ఆ వైరస్‌కు చేసిన టీకా, ఆ టీకాను సరిగ్గా అడక్కుండా వేసిన ఖమ్మం గూడెం పిల్లలు. మొదట్లోనూ చివర్లోనూ ఉన్నది అడగవలసిన పనిలేదనుకున్న ఆడవాళ్ళ శరీరాలే. మధ్యలో ఉన్నదంతా గొప్ప సైన్సే. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పగలగాలి. ఒకటి చెప్పి రెండోది మింగేస్తే మనం అబద్ధం ఆడినట్టే.

దేవుడు కూడా అడిగాడు

నాజీ డాక్టర్ల విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గు నియమావళి వచ్చింది. మనిషి మీద ప్రయోగానికి అతని ఇష్టపూర్వక సమ్మతి తప్పనిసరి అని దాని మొదటి సూత్రం. 1964లో హెల్సింకి ప్రకటన వచ్చింది. అయినా అమెరికాలో టస్కిగీ ప్రయోగం 1972 దాకా ఆగలేదు. 1932 నుంచి 40 ఏళ్ళ పాటు సిఫిలిస్ ఉన్న సుమారు 400 మంది పేద నల్లవాళ్ళకు, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా మందు ఇవ్వకుండా, రోగం ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. నియమం కాగితం మీద ఉండటం వేరు, ఎదుటి మనిషిని అడగదగినవాడిగా చూడటం వేరు. రెండోది చట్టం నేర్పలేదు. ఇక్కడే విశ్వాసం చెప్పవలసిన మాట ఉందని నాకనిపిస్తుంది.

లూకా సువార్త మొదట్లో ఒక పల్లెటూరి పేద పిల్ల దగ్గరికి దూత వస్తాడు. ఆమె ఒంట్లో జరగబోయే పని లోకరక్షణ. అంతకంటే మంచి ఉద్దేశం ఉంటుందా? అయినా దూత ముందు ఆమెకు విషయం చెబుతాడు. ఆమె భయపడుతుంది, ఇది ఎట్లా జరుగుతుందని ఎదురు ప్రశ్న వేస్తుంది. దూత ఆ ప్రశ్నకు జవాబు చెబుతాడు. ఆమె ఒప్పుకున్నాకనే వెళ్తాడు. మరియను మనం విధేయతకు గుర్తుగా ప్రసంగాల్లో చెప్పుకుంటాం. నాకైతే అక్కడ దేవుడి మర్యాద కనిపిస్తుంది. నజరేతు పిల్లను దేవుడే అడిగాడు. భద్రాచలం పిల్ల తల్లిని అడిగే తీరిక మనుషులకు లేకపోయింది.

యోహాను సువార్తలో బెతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా పడి ఉన్న రోగిని యేసు ముందు అడుగుతాడు, స్వస్థత కావాలా అని. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఈ కథ విన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. అంత కాలం నుంచి పడున్నోణ్ణి ఇంకా అడిగేదేంటి? ఇప్పుడు అర్థమవుతోంది. మేలు చేసే చెయ్యి కూడా అడిగే ముట్టుకోవాలి. అడగటం అంటే కాగితం నింపించటం కాదు, వద్దని చెప్పే చోటు అతనికి వదలటం.

నా చేతిలోని కాగితం

ఈ వ్యాసం డాక్టర్ల మీద, ఇంజనీర్ల మీద నేరం మోపి ముగిస్తే నాకు సుఖంగానే ఉండేది. కానీ నా పరిశోధన కోసం నేను కూడా ఒక సమ్మతి పత్రం పట్టుకుని మా వాడకే పోయాను. యూనివర్సిటీ ఇచ్చిన నమూనాను నేనే తెలుగు చేశాను. వరసకు మేనత్త అయ్యే ఆమె ముందు కూర్చుని గడగడా చదివి, వేలిముద్ర కోసం సిరా డబ్బీ తీశాను. ఆమె నవ్వి, "ముందే అంతా రాసుకొచ్చి ఇప్పుడు అడగతావేందిరా? నేను వద్దంటే నీ చదువు ఆగిపోద్దా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు సిరా డబ్బీ మూసేశాను. మూడు రోజుల తర్వాత పోయి కాగితం లేకుండా, నేనేం చేస్తున్నానో, ఆ పుస్తకం ఎవరు చదువుతారో, దానివల్ల ఆమెకు ఏమీ రాకపోవచ్చని కూడా చెప్పాను. ఆమె కొన్ని సంగతులు చెప్పింది. కొన్ని చెప్పనంది. ఆ చెప్పని సంగతులు నా సిద్ధాంత వ్యాసంలో లేవు. ఉండకూడదు కూడా.

దళిత పరిశోధకులం కాబట్టి మనకు ఈ తప్పు అంటదనుకోవటం భ్రమ. కాగితం పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా అది పైచెయ్యే. అందుకే నేను చెప్పదలచుకున్నవి కొన్ని పనులు. మన చర్చిల్లో, సంఘాల్లో చదువుకున్న పిల్లలు ఆసుపత్రి కాగితాన్ని తెలుగులో చదివి, అర్థమయ్యేదాకా చెప్పే పని ఎత్తుకోవాలి. హాస్టలు పిల్లల మీద జరిగే ఏ ఆరోగ్య కార్యక్రమానికైనా సంతకం తల్లిదండ్రులదే ఉండాలని, దానికోసం గూడెం దాకా పోవాలని పట్టుబట్టాలి. టీకా వచ్చినప్పుడు మన ఆడపిల్లలకు వేయించాలి, అడిగి తెలుసుకుని వేయించాలి. మ్యాన్‌హోలులో మనిషి దిగుతుంటే అక్కడే నిలబడి యంత్రం ఏదని అడగాలి. కొత్త యంత్రం, కొత్త మందు, రేపు ఇంకేదో వచ్చినా, ముందు ఎవరి కష్టం తీరుస్తుంది, పని మొదలుపెట్టే ముందు ఎవర్ని అడిగారు అన్న ఈ రెండు ప్రశ్నలూ వదలకూడదు.

మా అమ్మకు ఇప్పుడు సంతకం పెట్టటం వచ్చు. వయోజన విద్యలో కాదు, మా చెల్లి కూతురు పలక మీద నేర్పింది. మొన్న ఒక పరీక్షకు ఆసుపత్రికి పోతే నర్సు కాగితం ఇచ్చింది. అమ్మ కలం తీసుకోలేదు. "ఇందులో ఏముందో చెప్పమ్మా, విన్నాక పెడతా" అంది. ఆ నర్సు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు.